ఆ పుస్తకంలో మా వీధి

కుటుంబ పత్రికలో రాయదగ్గ విషయమేనా ఇది అని చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను. మా ఇంట్లో ఈ పత్రిక ముందు అమ్మ చేతికి వెళ్తుంది, తరువాత మా ఆవిడకు, ఆపైన పిల్లలకు, అందరూ చదివేశాక నాకు. మీ ఇళ్ళలోనూ దాదాపు అంతే అనుకుంటాను. అందుకని ఎక్కడా హద్దు దాటకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. బీకాం చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో పద్దులు చూసుకుంటూ వచ్చినవాణ్ణి. ఫొటోగ్రఫీ కళ గురించి పాఠం చెప్పే అర్హత నాకు లేదు. ఒక ఫొటోల పుస్తకం నన్ను ఎలా ఇబ్బంది పెట్టిందో, అయినా దాన్ని ఎందుకు పారెయ్యలేకపోయానో మాత్రం చెప్పగలను.

2009లో ఒక శనివారం. అప్పట్లో మాకు శనివారాలు సగం పూటే. మధ్యాహ్నం లెక్క సరిపెట్టి బయటపడి, ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తున్నాను. మా అమ్మాయికి స్కూల్లో అట్లాసు కావాలన్నారు. అట్లాసు దొరకలేదు గానీ, దాని సైజులోనే ఉన్న ఇంకో పుస్తకం దొరికింది. పేరు ‘ఫాక్‌లండ్ రోడ్’. తీసినామె మేరీ ఎలెన్ మార్క్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు. అచ్చయింది 1981లో. బొంబాయిలో ఆ రోడ్డు మీద ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళ ఫొటోలు, అన్నీ రంగుల్లో.

రెండు పేజీలు తిప్పి గబుక్కున మూసేశాను. పక్కన నిలబడ్డ కాలేజీ కుర్రాడు చూశాడేమోనని ఒక చూపు అటు వేశాను. మళ్ళీ తెరిచాను. ఆ గోడల రంగు నాకు తెలుసు. ఆ ఆకుపచ్చా, ఆ నీలం, పెచ్చులూడిన చోట కింద కనిపించే పాత సున్నం. ఆ కటకటాల తలుపులు తెలుసు. బేరమాడి మూడువందల యాభైకి కొన్నాను. దారిలో ఆంగ్ల దినపత్రిక ఒకటి కొని అందులో చుట్టాను. ఇంటికి వెళ్ళాక, ఆదాయపు పన్ను కాగితాలు పెట్టుకునే అట్టల ఫైలులో దాచాను. నా శ్రీమతి ముట్టుకోని ఫైలు ఇంట్లో అదొక్కటే.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. నేను పుట్టింది కామాఠీపురాలో. ఫాక్‌లండ్ రోడ్డుకి కూతవేటు దూరం.

ఈ మాట మా బ్యాంకులో ఎవరికీ తెలియదు. ఉద్యోగం దరఖాస్తులో పుట్టిన చోటు అన్న గడిలో ‘బొంబాయి సెంట్రల్’ అని రాశాను. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు షోలాపూర్ నుంచి వచ్చిన మామగారు అడిగితే మా నాన్న ‘నాగ్‌పాడా దగ్గర’ అన్నాడు. అబద్ధం కాదు, నాగ్‌పాడా దగ్గరే. ఆయనా మరీ తరచి అడగలేదు, పెద్దమనిషి.

కామాఠీపురా అంటే ఈ రోజు దేశమంతటికీ ఒకటే అర్థం. కానీ ఆ పేరు మనది. కామాఠీలంటే నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చిన తెలుగువాళ్ళు. బొంబాయి అప్పటికి ఏడు దీవులు. హార్న్‌బీ గవర్నరుగా ఉన్న రోజుల్లో, అంటే 1780ల నాటికి, వర్లీ దగ్గర కట్ట వేసి సముద్రపు నీటిని ఆపారు. లోపలి బురద నేల మెల్లగా ఎండింది. ఆ పల్లపు భూమిలో గుడిసెలు వేసుకున్నవాళ్ళు మనవాళ్ళు. రాయి మోసి, సున్నం కలిపి, గోడలు లేపి ఈ నగరాన్ని కట్టిన చేతుల్లో తెలంగాణ చేతులు చాలా ఉన్నాయి. తరువాత నేతపనివాళ్ళు వచ్చి మిల్లుల్లో చేరారు. మా తాత సిరిసిల్ల దగ్గర పల్లె నుంచి అలాగే వచ్చాడు. తెలంగాణ నుంచి బతుకుతెరువుకు వచ్చిన కుటుంబాలూ, వాటి మధ్యనే ఆ ఇళ్ళూ. ఒకే గల్లీలో ఒక గుమ్మం ముందు ముగ్గు, నాలుగు గుమ్మాల అవతల పొద్దుగూకగానే వెలిగే ఎర్ర బల్బు. చిన్నప్పుడు మాకది వింతగా ఉండేది కాదు. వింత అని తెలిసింది హైస్కూలుకి వెళ్ళాక, అడ్రసు చెప్పినప్పుడు ఎదుటివాడి ముఖం మారడం చూశాక.

ఫాక్‌లండ్ రోడ్డు పేరు తరువాత మార్చి పఠ్ఠే బాపూరావ్ మార్గ్ అన్నారు. ఆయన లావణీ పాటలు కట్టిన మహానుభావుడు. కులకర్ణి ఇంట పుట్టి, తమాషాలోకి దిగి, దళిత కళాకారిణి పవళాబాయితో కలిసి ప్రదర్శనలిచ్చి, సొంతవాళ్ళ చేత వెలివేయబడ్డ మనిషి. మునిసిపాలిటీవాళ్ళు ఆలోచించి పెట్టారో, ఊరికే పెట్టారో గానీ, ఆ రోడ్డుకి అంతకన్నా తగిన పేరు లేదు. ఆ దరిలోనే నాటకశాలలుండేవి. ఇంగ్లీషు ‘ప్లే హౌస్’ మన నోళ్ళలో నలిగి ‘పీలా హౌస్’ అయింది. ఇప్పటికీ బస్సు కండక్టర్లు అదే అంటారు.

మేరీ ఎలెన్ మార్క్ మొదటిసారి మన దేశం వచ్చింది 1968లో. ఆ రోడ్డు మీద ఫొటోలు తీయాలని అప్పటినుంచీ పదేళ్ళ పాటు వచ్చినప్పుడల్లా ప్రయత్నించిందట. తిట్లు తిన్నది, మీద చెత్త వేశారు, నీళ్ళు పోశారు. చివరికి 1978 అక్టోబరులో వచ్చి, 1979 జనవరి దాకా అక్కడే తిరిగింది. రోజూ వెళ్ళి నిలబడేది. కొన్నాళ్ళకు వీధిలో నిలబడే ఆడవాళ్ళు పలకరించడం మొదలుపెట్టారు. ఆ తరువాత ఒక ఇంటి యజమానురాలు లోపలికి రానిచ్చింది. టాక్సీ అద్దంలోంచి దొంగతనంగా ఒకటి కొట్టి పారిపోయే బాపతు కాదు ఈమె, అది ఒప్పుకోవాలి. ఆమె ఎక్కువగా పనిచేసింది నలుపు తెలుపుల్లో. ఈ పుస్తకం మాత్రం రంగుల్లో తీసింది. ఆ రంగులే ముందు మనిషిని పట్టేస్తాయి.

పట్టేస్తాయి అన్నాను. నిజం చెప్పాలంటే అంతకన్నా ఎక్కువే. ఆ ఫైలు నెలకొకసారైనా తీసేవాణ్ణి. పన్ను కాగితాలు వెతుకుతున్నట్టు నటించేవాణ్ణి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా. అందులో నీచమైన కుతూహలం లేదని ప్రమాణం చెయ్యలేను. ఏ మగవాడూ చెయ్యలేడు. కానీ అదొక్కటే అయితే రెండు మూడుసార్లకు తీరిపోవాలి గదా. తీరలేదు.

నాకు తోచింది ఇది. వీధిలో ఆ గుమ్మాల ముందు నుంచి వెళ్ళేటప్పుడు మనం తల వంచుకుంటాం. పెద్దమనుషుల లక్షణం అది. ఆమె మనల్ని చూస్తే ఏం చేయాలో తెలియదు కాబట్టి మనం ఆమెను చూడం. ఫొటోలో ఆ భయం లేదు. ఆమె సూటిగా మన కళ్ళలోకి చూస్తున్నా మనల్ని చూడటం లేదు. ఎంతసేపైనా చూడొచ్చు. జడ అల్లుకుంటున్న చేతులు, గోడ మీద దేవుడి క్యాలెండరు, మంచం కింద ట్రంకు పెట్టె. చూసి చూసి, జాలిపడి, ఆ జాలికి మనల్ని మనమే మెచ్చుకుని, పుస్తకం మూసి భోజనానికి లేవొచ్చు. మా బ్యాంకువాళ్ళ భాషలో చెప్పాలంటే పూచీకత్తు లేని అప్పు.

అమెరికాలో డయాన్ ఆర్బస్ అనే ఆమె ఇలాంటి ఫొటోలకే పేరు పొందింది. సర్కసుల్లో, చౌక హోటళ్ళలో, లోకం పక్కకు నెట్టేసిన మనుషుల్ని తీసింది. 1971లో తన ప్రాణం తానే తీసుకుంది. మరుసటి ఏడు న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఆమె ఫొటోలు పెడితే జనం విరగబడ్డారు. ఆ తరువాత సుసాన్ సాంటాగ్ అనే రచయిత్రి, ఆ ఫొటోలు చూసేవాడు సురక్షితమైన చోట నిలబడి చూస్తున్నాడని గట్టిగా విమర్శించింది. 1977లో వచ్చిన ఆమె పుస్తకం నేను సగమే చదవగలిగాను, ఇంగ్లీషు మరీ గంభీరం. కానీ ఆ సగంలో నా ఫైలు సంగతి ఉంది.

ఈ చూపు ఈనాటిది కూడా కాదు. బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాల నుంచి వచ్చిన పాఠకుల ఇళ్ళలో ‘ధాత కరువు’ అన్న మాట పెద్దల నోట వినే ఉంటారు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానినీ, మైసూరునూ, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలనూ ఊడ్చేసిన కరువు అది. చచ్చిపోయినవాళ్ళు యాభై లక్షలకు పైనే అని చరిత్రకారుల లెక్క. అప్పుడు మద్రాసు సైన్యంలో హూపర్ అనే అధికారి కెమెరా పట్టుకుని బయల్దేరాడు. ఎముకల గూళ్ళలాంటి మనుషుల్ని, తల్లుల్ని, పిల్లల్ని ఒక వరుసలో కూర్చోబెట్టి, కొందరిని నిలబెట్టి, గ్రూపు ఫొటోలు తీశాడు. ఆ రోజుల్లో ఫొటో తీయాలంటే కదలకుండా ఉండాలి. ఆ మనుషులకు కదిలే ఓపిక ఎక్కడిది! ఆ ఫొటోలు ఆల్బముల్లోకెక్కి దొరల ఇళ్ళలో చేతులు మారాయి. ఇప్పటికీ ధాత కరువు గురించి ఏ పుస్తకం తీసినా అవే ఫొటోలు. మన ముత్తాతల కాలపు రాయలసీమ పల్లె మనిషి ముఖం ఎలా ఉండేదో చూడాలంటే ఆ దొర దయ తప్ప దారి లేదు.

ఆ హూపరే 1886లో బర్మాలోని మాండలేలో మరణశిక్షలు అమలు జరిపే అధికారిగా ఉన్నాడు. బందిపోట్లన్న పేరుతో పట్టుకొచ్చినవాళ్ళను వరుసగా నిలబెట్టి కాల్చేటప్పుడు, కాల్చమనే ఆజ్ఞకూ తన కెమెరా మూత తీయడానికీ లంకె కుదిర్చాడని లండన్ దాకా గోల అయింది. విచారణ జరిపారు. చివరికి మందలింపుతో సరిపెట్టారు.

మేరీ ఎలెన్ మార్క్‌నీ హూపర్‌నీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు, ముమ్మాటికీ కాదు. ఆమె తరువాత సియాటిల్‌లో వీధిన పడ్డ పిల్లల్ని తీసింది. వాళ్ళలో టైనీ అని పిలవబడే ఒక అమ్మాయిని 1983లో కలిసి, 2015లో తాను చనిపోయేదాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూస్తూనే ఉంది. ముప్ఫై ఏళ్ళకు పైగా! మన చుట్టాల్ని మనం అన్నాళ్ళు పట్టించుకుంటామా?

అయినా పద్దులు రాసేవాణ్ణి కాబట్టి నా బుర్ర అటే పోతుంది. ఫొటో వల్ల వచ్చింది ఎవరి ఖాతాలో జమ? 1936 మార్చిలో డొరొతియా లాంగ్ అనే ఆమె కాలిఫోర్నియాలో, నిపోమో అనే ఊరి దగ్గర బఠాణీ చేలకు కూలికొచ్చిన ఒక తల్లిని తీసింది. బుగ్గన చెయ్యి, చెరో భుజం మీద ముఖం దాచుకున్న పిల్లలు. మీరంతా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పేపర్లో పడగానే ప్రభుత్వం ఆ కూలీల మకాముకు తొమ్మిది టన్నుల తిండి పంపింది. అప్పటికి ఆ కుటుంబం వేరే చోటికి పనికి వెళ్ళిపోయింది. లాంగ్‌కి కూడా ఆ ఫొటో మీద రాయల్టీ లేదు, ఆమె ప్రభుత్వ జీతం మీద తీసింది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో తీయకపోయినా బాగుండేది, నాకు దాని వల్ల ఒక్క పైసా రాలేదు అని ఆమె వాపోయింది. 1983లో ఆమె జబ్బుపడితే, ఆ ఫొటోలోని తల్లి ఈమే అని పిల్లలు విన్నవించుకుంటే, ఎక్కడెక్కడివాళ్ళో వేల డాలర్లు పంపారు. అదే ఏడు పోయింది. 1998లో ఆ ఫొటో పాత ప్రింటు ఒకటి న్యూయార్కు వేలంలో రెండు లక్షల నలభై నాలుగు వేల ఐదువందల డాలర్లు పలికింది. ఈ లెడ్జరు ఏ ఆడిటరూ సరిపెట్టలేడు.

సరిపెట్టిన ఒక సంగతి కూడా ఉంది, మన దేశంలోనే. 1989లో దయానితా సింగ్ అనే ఫొటోగ్రాఫరు లండన్ పత్రిక కోసం పాత ఢిల్లీలో మోనా అహ్మద్ అనే హిజ్రాను ఫొటోలు తీసింది. అవి లండన్‌లో అచ్చవుతాయని తెలిసి మోనా కంగారుపడింది. ఆమె బంధువులు అక్కడున్నారు. రీలు ఇచ్చేయమని అడిగింది. దయానిత మారు మాట్లాడకుండా రీలు తీసి చేతిలో పెట్టేసింది. పత్రిక పని పోయింది, స్నేహం మిగిలింది. పన్నెండేళ్ళ తరువాత, 2001లో, ఆ స్నేహం లోంచి పుస్తకం వచ్చింది. అందులో మాటలు మోనావే. 2017లో మోనా చనిపోయేదాకా వాళ్ళ రాకపోకలు సాగాయి. రీలు ఇచ్చేయడమనే ఆ చిన్న పని దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతాను. ఎందుకో చెప్తాను.

మా గల్లీ మలుపు మీద భవనంలో ఒకామె ఉండేది. కరీంనగర్ వైపు మాట. నేను అక్కా అనేవాణ్ణి. పేరు రాయను. ఆమె పొద్దున్నే మునిసిపల్ కుళాయి దగ్గర బిందెల వరుసలో మా అమ్మతో మన భాషలో మాట్లాడేది. వరుసలో మా బిందెకు చోటు పట్టేది. ఎప్పుడైనా నా చేతిలో గ్లూకోజు బిస్కత్తులు పెట్టేది. అవి తినకుండా తెచ్చి అమ్మకివ్వాలని ఇంట్లో కట్టడి. అమ్మ ఏం చేసేదో నేనెప్పుడూ అడగలేదు.

నేను మునిసిపాలిటీవారి తెలుగు బడిలో నాలుగో తరగతి. చేతిరాత బాగుంటుందని పేరు. నెలకొక ఆదివారం అక్క మనియార్డరు ఫారం పట్టుకొచ్చేది. మా గడప అవతల కూర్చునేది, నేను గడప ఇవతల. అదీ కట్టడే. నలభై రూపాయలు, ఒక్కోసారి అరవై. కింద నాలుగు ముక్కలు రాసే జాగా ఉండేది గదా, అందులో ఆమె చెప్పింది రాసేవాణ్ణి. ‘అవ్వా, నేను మంచిగున్న. మిల్లుల పనిజేస్తున్న. నువ్వు పైలం.’ ప్రతి నెలా అవే మాటలు. మా నాన్న మిల్లులోనే పనిచేసేవాడు, అక్క ఏ మిల్లులో చేస్తుందో ఆయన్నొకసారి అడిగాను. అమ్మ నెత్తిన మొట్టింది.

ఒకసారి ఫారంతో పాటు ఒక కవరు తెచ్చింది. అందులో ఫొటో. స్టూడియోలో తీయించుకుంది. కుర్చీ వీపు మీద చెయ్యి, పక్కన స్టాండు మీద ప్లాస్టిక్ పూలు, వెనుక తెర మీద కొండలూ చెరువూ. చేతికి గడియారం ఉంది, అది ఎవరి దగ్గరో అడిగి పెట్టుకున్నదట. ఇంటికి పంపడానికి. వెనుక పేరూ సంవత్సరమూ రాయమంది. నేను పెన్ను తీసి రాయబోతుంటే చెయ్యి పట్టుకుంది. ‘గట్టిగ ఒత్తకు బిడ్డా, మొకం మీద పడ్తది’ అంది.

ఆ పుస్తకం తీసిన చలికాలంలో నాకు తొమ్మిదేళ్ళు. తెల్లామె కెమెరాతో తిరుగుతుంటే చూశానని చెబితే అబద్ధం. నేను చూడలేదు. 1982లో మిల్లుల సమ్మె వచ్చింది, దత్తా సామంత్ సమ్మె. మరుసటి ఏడు మేం భివండీకి మారిపోయాం. అక్క ఏమయిందో మాకు తెలియదు. వెళ్ళేటప్పుడు చెప్పి వచ్చామా అన్నదీ నాకు గుర్తులేదు.

ఇంకొక్కటి కూడా చెప్పి తీరాలి. 2003లో నేను నగరంలో ఒక శాఖలో పనిచేస్తున్నాను. ఏ శాఖో అక్కర్లేదు. ఒక నడివయసు స్త్రీ సేవింగ్స్ ఖాతా తెరవడానికి వచ్చింది. ఫారం నింపించుకుని, ఫొటో పిన్ను కొట్టించి తెచ్చింది. జడలో పూలు, నుదుట పెద్ద బొట్టు, ఫొటోకోసమే తయారైనట్టుంది. ఇంటి చిరునామాకు రుజువు లేదు. వీధి పేరు చూశాను. నియమం ప్రకారం ఫారం తిరగ్గొట్టింది నేనే. ఫొటో ఊడబీకి ఇచ్చేశాను. నుదుటి దగ్గర పిన్ను రంధ్రాలు పడ్డాయి. ఆమె ఏమీ అనలేదు, ఫొటోను పమిట కొంగుతో తుడిచి పర్సులో పెట్టుకుంది. 2007లో కామాఠీపురాలోనే ‘సంగిని’ అని ఆ స్త్రీల కోసం సహకార సంఘం ఒకటి మొదలైంది, రోజుకింత దాచుకోవడానికి. ఆ వార్త పేపర్లో చదివినప్పుడు, మా కౌంటర్లలోంచి వెనక్కి వెళ్ళినవాళ్ళు ఎంతమందో అనుకున్నాను.

ఫుట్‌పాత్ మీద ఆ పుస్తకం కొన్నది ఆ తరువాతే. ఎందుకు కొన్నానంటే ఇప్పుడు చెప్పగలను. మా దగ్గర కామాఠీపురా ఫొటో ఒక్కటి లేదు. ఉన్నవన్నీ స్టూడియోవే, వెనుక అదే కొండలూ చెరువూ. మా గోడ రంగు, మా కుళాయి, చాయ్ గ్లాసుల తీరు, ఆ సందు వెలుతురు, అన్నీ ఆ పుస్తకంలోనే ఉన్నాయి. నా చిన్నతనపు ఆల్బం అదొక్కటే. అది చూడాలంటే ఆ ఆడవాళ్ళ భుజాల మీదుగా తొంగి చూడాలి. వాళ్ళను తప్పించి వెనుక గోడను చూస్తూ ఎన్ని రాత్రులు గడిపానో! చిన్నప్పుడు నేర్పిన మర్యాద అలాగే పనిచేస్తోంది మరి.

ఆ పుస్తకంలో కొన్ని పేజీలు నేను రెండోసారి తెరవలేదు. పన్నెండు, పదమూడేళ్ళ ఆడపిల్లలు ముఖాలతో, పేర్లతో ఉన్నారు. ఆ దారుణం జరిగిందని లోకానికి తెలియడం వేరు, ఆ పిల్ల ముఖం నాలాంటివాడి బీరువాలో ఉండటం వేరు. మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బాధిత బాలిక ఎవరో తెలిసేలా ఫొటో, పేరు ప్రచురించడం నేరం. 1981లో ఆ చట్టం లేదు. ఆ పిల్లల్లో ఎవరైనా బతికి ఉంటే నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. వాళ్ళకు రీలు వెనక్కి అడిగే వయసు రాకముందే పుస్తకం వచ్చేసింది. ఫొటోగ్రాఫరు గురించి నేను చెప్పిన మంచి మాటలన్నీ ఈ పేజీల దగ్గర నా నోట రావు.

పోయిన దీపావళికి ఇల్లు సర్దుతుంటే ఫైలు అమ్మ చేతికి చిక్కింది. ఆమెకు ఎనభై దాటాయి. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏదో బ్యాంకు పుస్తకం అని గొణిగాను.

‘ఫాక్‌లండ్ రోడ్డు బ్యాంకుదెప్పుడయింది రా’ అంది, తలెత్తకుండా.

ఆమె చూడటం నేను చూశాను. నాలాగ గోడలు చూడటం లేదు. ఒక్కొక్క పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి, ముఖం ముఖం చూస్తోంది. అద్దంలో కనబడే ముఖాలు కూడా వదలడం లేదు. ‘గీమె జ్వరంతోటున్నది’ అంది ఒక దగ్గర. ఇంకో దగ్గర ‘గీ పిల్ల ఎవ్వరి మాట ఇనది, సూడు కండ్లు’ అంది. నేను దాటేసిన పేజీలు వచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెట్టబోయాను. నా చెయ్యి పక్కకు తోసింది. ఆ పేజీల దగ్గరే ఎక్కువసేపు ఉంది.

చివరి పేజీ అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. ఎవరికోసం చూస్తోందో అప్పుడు నాకర్థమైంది.

‘లేదు’ అంది.

ఆ మాటలో సంతోషమో, బాధో నేను పోల్చుకోలేకపోయాను. ఆ బిస్కత్తులు ఏం చేసేదానివని అప్పుడడిగాను, నలభై ఏడేళ్ళకు. ‘నేనే తినేదాన్ని. పారేస్తరా ఎవలన్న?’ అంది. తరువాత, అక్క తల్లి దగ్గర నుంచి జవాబులు మన ఇంటి పేరు మీదే వచ్చేవని, ఆ భవనం పేరు కవరు మీద ఉంటే ఊళ్ళో తెలిసిపోతుందని అడిగితే ఒప్పుకున్నానని, నాన్నకు చెప్పలేదని చెప్పింది. మేం భివండీ వెళ్ళాక వచ్చిన ఉత్తరాలు ఏమయ్యాయో మరి అని తనలో తాను అనుకుంది.

పుస్తకాన్ని మళ్ళీ ఫైలులో పెట్టబోతే వద్దంది. కళ్ళద్దాలు పమిట చెంగుతో తుడుచుకుని, లైటు వెయ్యమని, మళ్ళీ మొదటి పేజీ తెరిచింది.